వర్చువల్ మెషీన్‌కి డివైస్ పాస్‌త్రూ: మెమరీ పిన్నింగ్, అడ్రస్ మ్యాపింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

లినక్స్ మీద కేవీఎం (వర్చువల్ మెషీన్లను నడపడానికి కెర్నల్‌లో ఉన్న భాగం), క్యూఎము (దానితో కలిసి వర్చువల్ మెషీన్‌ని నడిపే ప్రోగ్రామ్) నడుపుతూ గ్రాఫిక్స్ కార్డునో, నెట్‌వర్క్ కార్డునో, ఎన్‌వీఎంఈ డిస్కునో నేరుగా ఒక వర్చువల్ మెషీన్‌కి అప్పగించాలనుకునేవాళ్ల కోసం రాసిన పేజీ ఇది. కార్డు ఎలా బిగించాలి, బయోస్‌లో ఏది ఆన్ చేయాలి అన్నవి చాలాచోట్ల దొరుకుతాయి. అవన్నీ సరిగ్గా చేశాక కూడా జనాన్ని టెన్షన్ పెట్టేది మెమరీ. ర్యామ్ ఖాళీగా కనిపిస్తున్నా మెషీన్ స్టార్ట్ అవ్వదు. ఒకవేళ స్టార్ట్ అయినా చాలాసేపు నల్ల తెరే. పెద్ద మెషీన్‌కి బెలూన్ అనే ఉపాయం పెట్టి, వాడని మెమరీ వెనక్కి తీసుకుందామంటే కుదరదు. ఈ చిక్కులన్నిటికీ మూలం ఒక్కటే కాబట్టి, వీలైతే పైనుంచి వరుసగా చదవండి.

కింద హోస్ట్ అంటే అసలు కంప్యూటరు, గెస్ట్ అంటే దాని మీద నడిచే వర్చువల్ మెషీన్.

పాస్‌త్రూలో నిజంగా జరిగేది ఏమిటి?

మామూలుగా గెస్ట్‌కి కనిపించే డిస్కు, నెట్‌వర్క్ కార్డు క్యూఎము చూపించే నమూనాలే. పాస్‌త్రూలో అసలు కార్డు రిజిస్టర్లే గెస్ట్ డ్రైవర్ చేతికి వస్తాయి. హోస్ట్‌లో ఆ కార్డుని దాని మామూలు డ్రైవర్ నుంచి విడిపించి వీఎఫ్ఐఓ అనే కెర్నల్ భాగానికి అప్పగిస్తాం. వీఎఫ్ఐఓ 2012లో లినక్స్ 3.6తో కెర్నల్‌లోకి వచ్చింది. అక్కడినుంచి గెస్ట్ డ్రైవర్ కార్డుతో నేరుగా మాట్లాడుతుంది, కార్డు గెస్ట్ మెమరీలోకి నేరుగా రాస్తుంది. ఇలా సీపీయూ ప్రమేయం లేకుండా రాయడాన్నే డీఎంఏ అంటాం. ఈ పేజీలో మిగతాదంతా ఆ ఒక్క పని గురించే.

ఇన్ని రకాల అడ్రస్‌లు ఎందుకు? నాకు ప్రతిసారీ కలిసిపోతున్నాయి.

పాత ఊళ్లలో ఒకే ఇంటికి పాత డోర్ నంబరు ఒకటి, మున్సిపాలిటీ ఇచ్చిన కొత్త నంబరు ఒకటి, అపార్ట్‌మెంట్ కడితే ఫ్లాట్ నంబరు ఇంకొకటి ఉంటాయి. ఇల్లు ఒకటే, అడిగే మనిషిని బట్టి నంబరు మారుతుంది. ఇక్కడా అంతే.

గెస్ట్ లోపల నడిచే ప్రోగ్రామ్ వాడేది గెస్ట్ వర్చువల్ అడ్రస్. గెస్ట్ కెర్నల్ దాన్ని గెస్ట్ ఫిజికల్ అడ్రస్‌గా మారుస్తుంది. అదే అసలు ర్యామ్ అడ్రస్ అని గెస్ట్ నమ్మకం. నిజానికి ఆ ర్యామ్ మొత్తం హోస్ట్‌లో క్యూఎము ప్రాసెస్ తీసుకున్న మెమరీ, కనుక క్యూఎము వైపునుంచి చూస్తే దానికి ఒక హోస్ట్ వర్చువల్ అడ్రస్ ఉంది. చివరిది హోస్ట్ ఫిజికల్ అడ్రస్. మదర్‌బోర్డు మీద ఉన్న ర్యామ్ చిప్పులకు అర్థమయ్యేది అదొక్కటే.

డివైస్ బయటికి పంపే అడ్రస్‌ని ఐఓ వర్చువల్ అడ్రస్ అంటారు. మామూలు పాస్‌త్రూలో అది గెస్ట్ ఫిజికల్ అడ్రస్‌తో సమానం. గెస్ట్ డ్రైవర్‌కి తెలిసింది అదే కదా, కార్డుకి అదే రాసి ఇస్తుంది. ఉదాహరణకు గెస్ట్ తన మెమరీలో 1 జీబీ దగ్గర ఒక బఫర్ పెట్టుకుని, వచ్చిన ప్యాకెట్ అక్కడ వెయ్యి అని నెట్‌వర్క్ కార్డుకి చెబుతుంది. హోస్ట్ ర్యామ్‌లో 1 జీబీ దగ్గర ఉన్నది మాత్రం వేరే ఎవరిదో మెమరీ. కార్డు మాట ఉన్నదున్నట్టు అమలైతే వాళ్ల డేటా పోయినట్టే.

ఆ ప్రమాదాన్ని ఆపేది ఐఓఎంఎంయూ. ఇంటెల్‌లో దాని పేరు వీటీ-డీ, ఏఎండీలో ఏఎండీ-వీఐ, ఆర్మ్‌లో ఎస్ఎంఎంయూ. డివైస్‌కీ ర్యామ్‌కీ మధ్య నిలబడి, గెస్ట్ 1 జీబీ అంటే హోస్ట్‌లో ఫలానా ఫ్రేమ్ (అసలు ర్యామ్‌లో ఒక పేజీ, అంటే మెమరీ ముక్క, పట్టే చోటు) అని తన పేజీ టేబుల్ (ఏ అడ్రస్‌కి ఏ ఫ్రేమో రాసి ఉండే పట్టిక) చూసి మారుస్తుంది. టేబుల్‌లో లేని అడ్రస్‌కి డివైస్ వెళ్లలేదు.

సీపీయూకి ఈపీటీ, ఎన్‌పీటీ ఉన్నాయిగా. మళ్లీ ఇంకో టేబుల్ ఎందుకు?

ఈపీటీ ఇంటెల్‌ది, ఎన్‌పీటీ ఏఎండీది. రెండూ గెస్ట్ ఫిజికల్‌ని హోస్ట్ ఫిజికల్‌గా మార్చేవే, ఐఓఎంఎంయూ టేబుల్ చేసేదీ అదే. తేడా ఎప్పుడు నింపుతారన్న దగ్గర ఉంది. ఈపీటీని కేవీఎం అవసరమైనప్పుడు నింపుతుంది. గెస్ట్ ఒక పేజీని మొదటిసారి తాకితే ఫాల్ట్ వస్తుంది, సీపీయూ ఆగుతుంది, కెర్నల్ ఒక ఫ్రేమ్ తెచ్చి ఎక్కిస్తుంది, అదే ఇన్‌స్ట్రక్షన్ మళ్లీ నడుస్తుంది. గెస్ట్‌కి ఏమీ తెలియదు. ఐఓఎంఎంయూ టేబుల్‌ని మాత్రం డివైస్ పని మొదలుపెట్టకముందే మొత్తం నింపి ఉంచాలి, ఎందుకంటే డివైస్‌కి ఆగడం చేతకాదు.

మెమరీ పిన్ చేయడం ఎందుకు తప్పదు?

పీసీఐఈలో డివైస్ మెమరీకి రాసే పని వదిలేసిన ఉత్తరం లాంటిది. పంపేసి మరిచిపోతుంది, జవాబు కోసం చూడదు. ఆ అడ్రస్ టేబుల్‌లో లేకపోతే ఐఓఎంఎంయూ ఆ రాతను పారేసి కెర్నల్ లాగ్‌లో ఒక ఫాల్ట్ నమోదు చేస్తుంది. డేటా పోయింది, తిరిగి పంపమని అడిగే మార్గం లేదు. చదివే పనికి జవాబు రావాలి కానీ, డిస్కులో స్వాప్ అయిన పేజీని తెచ్చేదాకా డివైస్ వేచి ఉండదు.

అంతకన్నా ఘోరం ఇంకొకటి ఉంది. టేబుల్‌లో పాత ఫ్రేమ్ నంబరు అలాగే ఉండి, కెర్నల్ ఈలోగా ఆ ఫ్రేమ్‌ని వేరే ప్రాసెస్‌కి ఇచ్చేసిందనుకోండి. డివైస్ వెళ్లి వాళ్ల మెమరీలో రాసేస్తుంది. ఏ ఎర్రరూ కనిపించదు, ఎప్పుడో ఎక్కడో ఏదో ఫైలు పాడవుతుంది.

అందుకే ఫ్రేమ్‌ని కదలనివ్వకూడదు. ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేస్తాం కదా, పిన్నింగ్ అలాంటిదే. మనిషి ఇంకా ఎక్కలేదు, ఎక్కుతాడో లేదో కూడా తెలియదు, కానీ ఆ సీటు ఇంకెవరికీ ఇవ్వరు. కర్చీఫ్ తీసేదాకా ఆ ఫ్రేమ్ స్వాప్‌కి పోదు, వేరే చోటికి జరగదు.

డివైస్ కూడా పేజీ ఫాల్ట్‌ని భరించేలా పీసీఐఈలో ఏటీఎస్, పీఆర్ఐ అనే సదుపాయాలు ఉన్నాయి. వాటిని డివైస్, ఐఓఎంఎంయూ, డ్రైవర్ మూడూ కలిసి ఒప్పుకోవాలి. మన ఇళ్లలో ఉండే గ్రాఫిక్స్ కార్డులు, డిస్కులతో మాత్రం పిన్ చేయక తప్పదనే లెక్క వేసుకోండి.

ఎమ్‌లాక్ చేస్తే సరిపోదా? అదీ స్వాప్ కాకుండా ఆపుతుందిగా.

చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. ఎమ్‌లాక్ ఇచ్చే మాట ఒక్కటే: పేజీ ర్యామ్‌లోనే ఉంటుంది. ఏ ఫ్రేమ్‌లో అన్న హామీ ఇవ్వదు. మెమరీ ముక్కలు ముక్కలైతే కెర్నల్ పేజీలను జరిపి సర్దుతుంది, న్యూమా బ్యాలెన్సింగ్ ఒక నోడ్ (ఒక సీపీయూ సాకెట్, దాని దగ్గరి ర్యామ్) నుంచి ఇంకో నోడ్‌కి తీసుకెళుతుంది. ప్రోగ్రామ్‌కి దానివల్ల నష్టం లేదు, పేజీ టేబుల్ మారిపోతుంది కాబట్టి. డివైస్‌కి మాత్రం ఫ్రేమ్ నంబరే ప్రాణం. పిన్నింగ్ పట్టి ఉంచేది ఆ ఫ్రేమ్‌ని. 2020లో వచ్చిన లినక్స్ 5.6 నుంచి కెర్నల్‌లో పిన్ చేసిన పేజీలను మామూలు రిఫరెన్స్‌ల నుంచి వేరుగా గుర్తించే పద్ధతి కూడా వచ్చింది. ఎక్కువకాలం పిన్ చేయాల్సిన పేజీ, జరపడానికి వీలుగా కేటాయించిన జోన్‌లో ఉంటే, కెర్నల్ ముందు దాన్ని అక్కడినుంచి బయటికి తెచ్చి ఆ తర్వాతే పిన్ చేస్తుంది.

దీనివల్ల రెండు సాకెట్ల సర్వర్లు ఉన్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పిన్ అయ్యాక పేజీ నోడ్ మారదు. స్టార్ట్ అయినప్పుడు గెస్ట్ మెమరీ తప్పు నోడ్‌లో పడితే మెషీన్ ఆపేదాకా అక్కడే ఉంటుంది. కార్డు ఏ సాకెట్‌కి తగిలించి ఉందో చూసి, గెస్ట్ మెమరీని, దాని వీసీపీయూలను (గెస్ట్‌కి కనిపించే సీపీయూలను) అదే నోడ్‌కి కట్టండి.

గెస్ట్‌కి 16 జీబీ ఇచ్చాను. లోపల 2 జీబీ కూడా వాడటం లేదు. హోస్ట్‌లో మొత్తం 16 జీబీ పోయింది, ఎందుకు?

గెస్ట్ డ్రైవర్ రేపు ఏ పేజీని డివైస్ చేతిలో పెడుతుందో హోస్ట్‌కి తెలియదు. ఏ పేజీ అయినా కావచ్చు కనుక అన్నిటినీ పిన్ చేయాలి. పిన్ చేయాలంటే ముందు ఫ్రేమ్ ఉండాలి. కాబట్టి స్టార్ట్ అయినప్పుడే మొత్తం 16 జీబీకి ఫ్రేమ్‌లు తీసుకుంటుంది.

ఇదే కారణంగా మెమరీని పొదుపు చేసే పాత ఉపాయాలు ఇక్కడ చెల్లవు. ఒకే రకం పేజీలను కలిపేసే కేఎస్ఎం పిన్ అయిన పేజీలను ముట్టుకోదు. బెలూన్ అయితే నిజంగా ప్రమాదం: గెస్ట్ వదిలిన పేజీని హోస్ట్ పారేసి, తర్వాత అదే చోట కొత్త ఫ్రేమ్ ఇస్తే, సీపీయూ కొత్త ఫ్రేమ్ చూస్తుంది, డివైస్ పాత ఫ్రేమ్ చూస్తుంది. అందుకే వీఎఫ్ఐఓ డివైస్ తగిలించగానే క్యూఎము బెలూన్ పనిని ఆపేస్తుంది. మీ సెట్టింగ్ తప్పు కాదు, అలా ఆపడమే సరైనది. మెమరీ పెంచడం, తగ్గించడం తప్పనిసరి అయితే వర్టియో-మెమ్ చూడండి. క్యూఎము 6.1 నుంచి అది వీఎఫ్ఐఓతో కలిసి పనిచేస్తుంది, తగిలించిన భాగాన్ని మాత్రమే మ్యాప్ చేస్తుంది.

నా సలహా సూటిగా చెబుతాను. పాస్‌త్రూ గెస్ట్‌కి ఇచ్చిన మెమరీని హోస్ట్ నుంచి ఊడదీసి ఇచ్చిన ర్యామ్ స్టిక్కులా లెక్కపెట్టండి. 32 జీబీ హోస్ట్‌లో 28 జీబీ గెస్ట్‌కి ఇచ్చేసి, మిగిలిన 4 జీబీలో హోస్ట్ డెస్క్‌టాప్, బ్రౌజర్, ఫైల్ క్యాష్ అన్నీ నడవాలంటే హోస్ట్ ఉక్కిరిబిక్కిరవుతుంది.

ర్యామ్ చాలా ఖాళీగా ఉంది. అయినా డీఎంఏ మ్యాప్ చేయలేకపోయానని, మెమరీ చాలదని క్యూఎము ఆగిపోతోంది.

ఆ మెసేజ్‌లో మెమరీ చాలదన్నది ర్యామ్ గురించి కాకపోవచ్చు. ఒక ప్రాసెస్ ఎంత మెమరీని లాక్ చేయవచ్చో లినక్స్‌లో ఒక పరిమితి ఉంది, దాన్ని మెమ్‌లాక్ లిమిట్ అంటారు. మామూలు యూజర్‌కి అది చాలా తక్కువ. పిన్ చేసిన ప్రతి పేజీ ఆ ఖాతాలో పడుతుంది. 16 జీబీ గెస్ట్‌కి కనీసం 16 జీబీ పరిమితి ఉండాలి, పైన కొంత వదులు కూడా కావాలి. వర్చువల్ మెషీన్లను నిర్వహించే లిబ్‌వర్ట్ ద్వారా నడిపితే అది గెస్ట్ మెమరీకి 1 జీబీ కలిపి తానే పెడుతుంది. సొంత స్క్రిప్ట్‌తో, రూట్ కాకుండా నడిపేవాళ్లకే ఎక్కువగా ఈ దెబ్బ తగులుతుంది.

మా టీమ్‌లో ఒకసారి ఈ మెసేజ్ చూసి ర్యామ్ స్టిక్కులు పాడయ్యాయేమో అని ఒక పగలంతా మెమరీ టెస్టులు నడిపాం. యూజర్ పరిమితి చూడాలని ఎవరికీ తట్టలేదు. అందుకే కొత్తవాళ్లకి ముందు ఇదే చెబుతాను: నడుస్తున్న ప్రాసెస్ పరిమితులు ప్రాక్ ఫైల్ సిస్టమ్‌లో ఆ ప్రాసెస్ కింద ఉండే లిమిట్స్ ఫైల్‌లో కనిపిస్తాయి, ముందు అక్కడ చూడండి. షెల్‌లో మార్చిన పరిమితి, సిస్టమ్‌డీ సర్వీసుగా నడిచే క్యూఎముకి వర్తించదు. దానికి సర్వీస్ ఫైల్‌లోనే రాయాలి.

పరిమితి మొత్తం ఎత్తేసి అపరిమితం అని పెట్టమనే సలహా చాలాచోట్ల కనిపిస్తుంది. మీ ఒక్కరి డెస్క్‌టాప్‌లో సరే. నలుగురు వాడే సర్వర్‌లో వద్దు. పిన్ అయిన మెమరీని కెర్నల్ ఎంత కష్టంలో ఉన్నా వెనక్కి తీసుకోలేదు, ఒక గెస్ట్ చేసిన తప్పుకి మొత్తం యంత్రం కూలుతుంది. లెక్కకట్టి పెట్టండి.

పరిమితి సరిపోయినా ఇదే ఎర్రర్ వస్తుంటే మ్యాపింగ్‌ల సంఖ్య చూడండి. ఒక కంటైనర్‌లో (వీఎఫ్ఐఓలో ఒకే అడ్రస్ స్పేస్ పంచుకునే డివైస్‌ల గుంపులో) డీఎంఏ మ్యాపింగ్‌లు 65,535 దాటకూడదని వీఎఫ్ఐఓలో ఒక పరిమితి ఉంది. మామూలు గెస్ట్ అక్కడికి చేరదు, కింద చెప్పే వర్చువల్ ఐఓఎంఎంయూ వాడితే చేరవచ్చు.

గెస్ట్ మెమరీ పెంచిన కొద్దీ స్టార్ట్ అవ్వడానికి ఎక్కువసేపు పడుతోంది. హ్యాంగ్ అయిందనుకుని చంపేస్తున్నాను.

చంపకండి, కాసేపు ఆగండి. క్యూఎము ఆ సమయంలో ఒక్కో ఫ్రేమ్ తెచ్చి, సున్నాలతో తుడిచి, పిన్ చేసి, ఐఓఎంఎంయూ టేబుల్‌లో రాస్తోంది. తుడవడం తప్పదు, లేకపోతే పాత ప్రాసెస్ డేటా గెస్ట్‌కి కనిపిస్తుంది.

16 జీబీని 4 కేబీ పేజీలుగా చూస్తే 41,94,304 పేజీలు. అదే 2 ఎంబీ హ్యూజ్ పేజీలైతే 8,192. 1 జీబీ పేజీలైతే పదహారే. తుడిచే బైట్లు తగ్గవు కానీ మిగతా పనంతా తగ్గిపోతుంది. నడుస్తున్నప్పుడూ లాభమే: ఐఓఎంఎంయూ తాను చూసిన అనువాదాలను ఒక చిన్న క్యాష్‌లో దాచుకుంటుంది, పెద్ద పేజీలైతే ఆ కొద్ది చోటే ఎక్కువ మెమరీకి సరిపోతుంది. 10 గిగాబిట్ అంతకు మించిన నెట్‌వర్క్ కార్డులతో పనిచేసేవాళ్లకి ఇది బాగా అనుభవమవుతుంది.

1 జీబీ పేజీలు కావాలంటే హోస్ట్ బూట్ అయ్యేటప్పుడే కెర్నల్ పారామీటర్‌తో పక్కన పెట్టండి. యంత్రం నాలుగు రోజులు నడిచాక వరుసగా 1 జీబీ ఖాళీ దొరకడం కష్టం.

మెమరీ, పరిమితి రెండూ సరే. అయినా కొన్ని అడ్రస్‌లు మ్యాప్ కావడం లేదు.

డివైస్‌కి అన్ని అడ్రస్‌లూ అందుబాటులో ఉండవు. ఎక్స్86లో 4 జీబీ గీతకి 18 ఎంబీ కిందనుంచి 1 ఎంబీ ముక్క ఇంటరప్ట్‌ల కోసం కేటాయించి ఉంది, అక్కడ రాసింది మెమరీకి పోదు. ఏఎండీ యంత్రాల్లో 1 టీబీకి సరిగ్గా కింద ఉన్న 12 జీబీ వాడకూడదు. టెరాబైట్ దాకా మెమరీ ఇచ్చే గెస్ట్‌లు పాత క్యూఎములో దీనికి గుద్దుకునేవి, కొత్తవాటిలో ఆ ఖాళీని వదిలి మెమరీని పైకి జరుపుతారు.

ఇంటి కంప్యూటర్లలో ఎక్కువగా ఎదురయ్యేది ఇంకొకటి. కొన్ని ఇంటెల్ ప్రాసెసర్ల ఐఓఎంఎంయూ 39 బిట్ల అడ్రస్ వరకే చూడగలదు, అంటే 512 జీబీ. గెస్ట్ ఫర్మ్‌వేర్ గ్రాఫిక్స్ కార్డు పెద్ద బార్‌ని (కార్డు మెమరీ, రిజిస్టర్లు కనిపించే అడ్రస్ భాగాన్ని) అంతకన్నా పైన పెడితే ఆ బార్‌ని మ్యాప్ చేయడం కుదరదు, క్యూఎము ఒక హెచ్చరిక చూపిస్తుంది. అప్పుడు గెస్ట్ సీపీయూ అడ్రస్ బిట్లను హోస్ట్‌తో సమానంగా ఉంచితే చాలాసార్లు సరిపోతుంది. బార్‌ల మ్యాపింగ్ అవసరమయ్యేది ఒక డివైస్ ఇంకో డివైస్‌తో నేరుగా మాట్లాడటానికే. ఒకే కార్డు ఇచ్చినవాళ్లు ఆ హెచ్చరిక చూసి కంగారు పడనక్కర్లేదు. ర్యామ్ మ్యాపింగ్ విఫలమైతే మాత్రం క్యూఎము ముందుకు పోదు.

కెర్నల్ పారామీటర్‌లో ఐఓఎంఎంయూని పాస్‌త్రూ మోడ్‌లో పెట్టమంటారు. పాస్‌త్రూ కోసమే కదా అది?

పేరు వల్ల వచ్చిన అయోమయం ఇది. ఆ మోడ్ హోస్ట్ తన దగ్గరే ఉంచుకున్న డివైస్‌ల గురించి. వాటికి అనువాదం లేకుండా ఉన్న అడ్రస్ ఉన్నట్టే పోనిస్తుంది, హోస్ట్ డ్రైవర్లకు కాస్త వేగం వస్తుంది. గెస్ట్‌కి ఇచ్చిన డివైస్‌కి ఎలాగూ పూర్తి టేబుల్ ఉంటుంది. పెట్టకపోయినా పాస్‌త్రూ పనిచేస్తుంది.

ఐఓఎంఎంయూ గ్రూప్‌లో నా కార్డుతో పాటు ఇంకేవో ఉన్నాయి.

ఒకదానితో ఒకటి ఐఓఎంఎంయూ కళ్లుగప్పి మాట్లాడుకోగల డివైస్‌లను కెర్నల్ ఒక గ్రూప్‌గా కడుతుంది. గ్రూప్ మొత్తం హోస్ట్ డ్రైవర్ల చేతిలోంచి బయటికి రావాలి. కార్డుని వేరే స్లాట్‌లోకి మార్చి చూడండి. గ్రూప్‌లను బలవంతంగా విడగొట్టే ఏసీఎస్ ఓవర్‌రైడ్ ప్యాచ్ ప్రధాన కెర్నల్‌లోకి ఎన్నడూ రాలేదు. అది డివైస్‌ల మధ్య లేని గోడ ఉందని కెర్నల్‌ని నమ్మిస్తుంది అంతే. ఇతరుల డేటా ఉన్న యంత్రంలో దాన్ని వాడవద్దని గట్టిగా చెబుతున్నాను.

గెస్ట్ లోపల వర్చువల్ ఐఓఎంఎంయూ పెట్టాలా?

అది క్యూఎము గెస్ట్‌కి చూపించే నమూనా ఐఓఎంఎంయూ. గెస్ట్ లోపల మళ్లీ వర్చువల్ మెషీన్‌కి డివైస్ ఇవ్వాలన్నా, డీపీడీకే (కెర్నల్‌ని పక్కనపెట్టి నెట్‌వర్క్ కార్డుని నేరుగా వాడే లైబ్రరీ) లాంటివాటిని వీఎఫ్ఐఓతో భద్రంగా నడపాలన్నా కావాలి. లేకపోతే వద్దు. వర్చువల్ ఐఓఎంఎంయూ ఉంటే గెస్ట్ మ్యాప్ చేసిన పేజీలే పిన్ అవుతాయి, వినడానికి బాగుంటుంది. కానీ గెస్ట్ ప్రతి ప్యాకెట్‌కీ మ్యాప్, అన్‌మ్యాప్ చేస్తే ప్రతిసారీ క్యూఎము దాకా వచ్చి కెర్నల్‌ని పిలవాలి. నెట్‌వర్క్ వేగం కుప్పకూలుతుంది. డీపీడీకే ఒకసారి మ్యాప్ చేసి వదిలేస్తుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. ఇంటెల్ మోడల్ వాడితే క్యాషింగ్ మోడ్ ఆన్ చేయడం మరవకండి, లేకపోతే గెస్ట్ కొత్తగా చేసిన మ్యాపింగ్ సంగతి క్యూఎముకి తెలియదు.

ఇందులో మెమ్‌లాక్ లెక్క మారుతుంది. మామూలుగా రెండు కార్డులు ఇచ్చినా రెండూ ఒకే అడ్రస్ స్పేస్ పంచుకుంటాయి, మెమరీ ఒక్కసారే లెక్కకొస్తుంది. వర్చువల్ ఐఓఎంఎంయూతో ఒక్కో కార్డుకి ఒక్కో స్పేస్ రావచ్చు. అప్పుడు అవే పేజీలు రెండుసార్లు లెక్కలో పడతాయి, పరిమితి కూడా అంత పెట్టాలి.

లైవ్ మైగ్రేషన్ చేయవచ్చా?

నడుస్తున్న గెస్ట్‌ని ఆపకుండా వేరే హోస్ట్‌కి తరలించడం మామూలు కార్డుతో కుదరదు. మైగ్రేషన్‌లో ఏ పేజీ మారిందో చూసుకుంటూ మళ్లీ పంపాలి. సీపీయూ రాసినవి ఈపీటీ చెబుతుంది, డివైస్ రాసినవి ఎవరు చెప్పాలి? డివైస్ చెప్పకపోతే పిన్ అయినదంతా మారిందనే అనుకోవాలి, అంటే మొత్తం మెమరీ. పైగా కార్డు లోపలి స్థితిని కూడా తీసి అవతల పెట్టాలి. 2022లో లినక్స్ 5.18తో దీనికి సరైన పద్ధతి వచ్చింది, ఎన్‌విడియా మెలనాక్స్ నెట్‌వర్క్ కార్డుల డ్రైవర్ దానితోనే వచ్చింది. 6.7 నుంచి ఐఓఎంఎంయూ హార్డ్‌వేర్‌తోనే మారిన పేజీలను గుర్తించే దారి కూడా ఉంది.

ఐఓఎంఎంయూఎఫ్‌డీకి మారాలా?

2023 ఫిబ్రవరిలో లినక్స్ 6.2తో వచ్చిన కొత్త ఏర్పాటు అది. మ్యాపింగ్, పిన్నింగ్ పనిని వీఎఫ్ఐఓ నుంచి విడదీసి వేరే చోట పెట్టింది. గెస్ట్ టేబుల్‌ని హార్డ్‌వేరే నేరుగా చదివే రెండంచెల అనువాదం లాంటి కొత్త పనులు దానిలోనే వస్తున్నాయి. క్యూఎము 9.0 నుంచి వాడుకోవచ్చు. ఇప్పుడున్నది బాగా నడుస్తుంటే తొందరేమీ లేదు. పిన్ చేయాల్సిన అవసరం మాత్రం అక్కడా తగ్గదు.

మెషీన్ ఆపాక మెమరీ తిరిగి వస్తుందా? బలవంతంగా చంపితే?

వస్తుంది. క్యూఎము ఎలా ముగిసినా, చంపినా సరే, అది తెరిచి ఉంచిన వీఎఫ్ఐఓ ఫైళ్లను కెర్నల్ మూస్తుంది. అప్పుడు ముందు ఐఓఎంఎంయూ టేబుల్ నుంచి ఎంట్రీలు తీసేసి, దాని క్యాష్‌ని ఖాళీ చేసి, ఆ తర్వాతే పేజీలను అన్‌పిన్ చేస్తుంది. ఈ వరుస తిరగబడితే, డివైస్ ఇంకా రాస్తూ ఉండగానే ఫ్రేమ్ వేరేవాళ్ల చేతికి పోతుంది.

గెస్ట్ ఆగిపోయినా ఖాళీ మెమరీ పెరగలేదని కొందరు అడుగుతుంటారు. వాళ్లలో ఎక్కువమంది హ్యూజ్ పేజీలు పక్కన పెట్టుకున్నవాళ్లే. ఆ పేజీలు హ్యూజ్ పేజీల నిల్వలోకి తిరిగి చేరాయి, మామూలు ఖాళీ మెమరీ లెక్కలో కనిపించవు. మెమ్‌ఇన్ఫో ఫైల్‌లో ఖాళీ హ్యూజ్ పేజీల వరుస చూడండి, మీ 16 జీబీ అక్కడ ఉంటుంది.